మార్మోసెట్ మొహంలో కదలికలు కోడ్ చేయడం ఎలా?

ఆకుచాటు:
జూలో తీసిన కామన్ మార్మోసెట్ (బ్రెజిల్ చిట్టి కోతి) కుటుంబం వీడియోలు ఆరు గంటలవి ఉన్నాయి. పెద్దవి రెండు, కాస్త ఎదిగిన కవలలు, ఈ మధ్యే పుట్టిన కవలలు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ముఖ కవళికలు కోడ్ చేయాలి, అంటే ఎప్పుడు ఏ కదలిక వచ్చిందో గుర్తులేసి రాయాలి. మన ఊళ్లల్లో తిరిగే కోతులకు వాడే పట్టిక (పళ్లికిలించడం, నోరు తెరిచి గుడ్లురమడం, పెదవులు చప్పరించడం) దీనికి సరిపోతుందా? నాలుక బయటపెట్టడం మాత్రం లెక్కలేనన్నిసార్లు వస్తోంది. ఇద్దరం విడివిడిగా కోడ్ చేస్తే సగం కూడా కలవట్లేదు.

చెవికుచ్చు:
సరిపోదండీ. ఆ పట్టిక బానెట్ మకాక్, రీసస్ మకాక్ లాంటి కోతులది. మార్మోసెట్ మొత్తం బరువే 300–400 గ్రాములు. ఒళ్లు పెద్దదయ్యేకొద్దీ మొహంలో కదలికల రకాలు పెరుగుతాయని కోతి జాతుల్ని పోల్చి చూసిన 2009 నాటి పరిశోధన చెప్పింది. అలాగని దీని మొహం బండరాయి కాదు. మొహంలో ఒక్కో కదలికకూ ఒక్కో గుర్తు ఇచ్చే ఫాక్స్ (FACS) పద్ధతిని మనస్తత్వవేత్తలు ఎక్‌మన్, ఫ్రీసన్ 1978లో మనుషుల కోసం చేశారు. దాన్ని మార్మోసెట్‌కు మలిచి 2022లో కాలిఫాక్స్ తెచ్చారు. అందులో 33 కదలికలున్నాయి. మీరు దాన్నే వాడండి.

మొదటి గడిలో ‘భయం’, ‘కోపం’ అని రాయొద్దు. మీ ఇద్దరి లెక్క కలవకపోవడానికి ముఖ్య కారణం ఇదే అనుకుంటా. కంటికి కనిపించింది మాత్రమే రాయండి: కనుబొమలు దిగాయి, మూతి కొసలు వెనక్కి లాగాయి, పళ్లు కనిపించాయి, చెవి దగ్గరి వెంట్రుకల కుచ్చులు తలకు అంటుకున్నాయి. పక్కన ఎవరున్నారు, ముందూ వెనకా ఐదు సెకన్లలో ఏం జరిగింది అన్నది వేరే గడిలో.

చెవి దగ్గరి తెల్ల కుచ్చుల్ని అసలు వదలొద్దు. మూతి కొసలు వెనక్కి పోయి, కుచ్చులు తలకు అతుక్కుంటే ఆ జంతువు లొంగుతోందన్నమాట. దాన్ని చూసి నవ్వుతోందని మురిసిపోయే జనానికి కొదవ లేదు. కుచ్చులు ముందుకూ వెనక్కూ టపటపా ఆడుతూ, బొమలు ముడిపడి, ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడిస్తే బెదిరింపు. పుట్టిన పిల్లలకు తెల్ల కుచ్చులు ఉండవు కాబట్టి వాటికి చెవి డిప్ప ఎటు కదిలిందో చూడండి.

ఇంకోటి, మకాక్‌ కళ్లలోకి తేరిపార చూస్తే కయ్యానికి కాలు దువ్వినట్టే. మార్మోసెట్లు ఒకదాని మొహం ఒకటి నింపాదిగా చూసుకుంటాయి. చూపు నిలిపిందని బెదిరింపు కింద వేయకండి. తల పక్కకు వాల్చడం కూడా కవళిక కాదు, దేన్నైనా పరకాయించి చూడటమే.

జిగురుబంక:
నాలుక సంగతి. ఇవి బ్రెజిల్ ఈశాన్యంలో చెట్టు బెరడును కింది పళ్లతో గీరి, కారిన బంక నాకి బతికే కోతులు. జూలో కూడా కొయ్య గీరుతూనే ఉంటాయి. ఎదురుగా ఉన్నదాన్ని చూస్తూ నాలుక చకచకా లోపలికీ బయటికీ ఆడిస్తే అది సంకేతం, జత కట్టే ముందు బాగా కనిపిస్తుంది. నాలుక బయటికి రావడానికి రెండు సెకన్లు అటూ ఇటూ అది కొయ్యకో, తిండికో, ఇంకోదాని బొచ్చుకో తగిలితే ‘నాకడం’ అని వేరే కోడ్ ఇవ్వండి. మీ లెక్కలేనన్నిట్లో చాలా భాగం అక్కడికే పోతుంది.

ఫ్రేమువారీ:
సెకనుకు 60 ఫ్రేములకు తగ్గితే లాభం లేదు. తల ఠక్కున తిప్పేస్తుంది, మొహం మసకైపోతుంది. సగం మొహం కూడా కనిపించని ఫ్రేముకు ‘కనబడలేదు’ అని వేయండి, ‘కదలిక లేదు’ అని కాదు. ఈ రెంటినీ కలిపేస్తే లెక్కంతా తారుమారే.

వీడియో అద్దంలోలా తిరగబడి సేవ్ అయిందేమో కూడా చూడండి. మార్మోసెట్ భయపడినప్పుడు నోరు ఎడమవైపు ఎక్కువ సాగుతుందని, తనవాళ్లను పలకరించే కూతలో కుడివైపు ఎక్కువ తెరుచుకుంటుందని 1998లో కొలిచి చూపించారు. క్లిప్పు తిరగబడితే మీకు ఫలితం సరిగ్గా ఉల్టా వస్తుంది.

మీ ఇద్దరి కోడింగుకూ ఉన్న పొంతనను శాతాల్లో చెప్పకండి. మొహం కదలని ఫ్రేములే ఎక్కువ కాబట్టి శాతం ఊరికే ఉబ్బిపోతుంది, యాదృచ్ఛికంగా కలిసినవాటిని తీసేసి పొంతన కొలిచే కప్పా లెక్కించండి. కోడింగుకు బోరిస్ (BORIS) అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితమే.

ఆకుచాటు:
కూతలు వింటూ కోడ్ చేయొచ్చా?

చెవికుచ్చు:
మొదటిసారి శబ్దం ఆపేసే చేయండి. అలారం కూత చెవినపడితే లేని భయం మొహంలో కనిపిస్తుంది. రెండోసారి శబ్దం పెట్టి, కూసేటప్పుడు తెరిచిన నోటికి విడి గుర్తు వేసుకోండి. దూరంగా ఉన్న తనవాళ్లను పిలిచే ‘ఫీ’ కూతకు నోరు ఎలాగూ తెరవాల్సిందే, అది బెదిరింపు లెక్కలో పడకూడదు.