బాల్‌రూమ్ డాన్స్‌ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న:
యూరప్ చరిత్ర మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. బాల్‌రూమ్ డాన్స్ అన్న మాట అందులో పదే పదే వస్తోంది. ఒకచోట "బంతి గది నృత్యం" అని చూశాను, మనసు ఒప్పలేదు. "విందు నాట్యం" అందామా, "జంట నాట్యం" అందామా? వాల్ట్జ్, టాంగో లాంటి పేర్లకి కూడా తెలుగు కావాలా? తెల్లవారేదాకా వాల్ట్జ్ "చేశారు" అనాలా, "వేశారు" అనాలా అన్న దగ్గర ఆగిపోయాను.

జవాబు:
బంతికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదండీ. లాటిన్‌లో బల్లారే అంటే నర్తించడం. అదే ఫ్రెంచిలో బాల్ అయింది, నలుగురూ చేరి నర్తించే సభ అనే అర్థంలో. బ్యాలే, బ్యాలడ్ కూడా ఆ కుదురులోవే. బంతి అనే అర్థమున్న మాట జర్మానిక్ భాషల వైపు నుంచి వచ్చింది. ఇంగ్లీషులో రెండూ ఒక్కలాగే వినిపించడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

"విందు నాట్యం" అంటే విందులో ఎవరో ఆడుతుంటే అతిథులు కూర్చుని చూస్తున్నట్టు ఉంటుంది. ఇక్కడ అతిథులే ఆడతారు. మన శాస్త్రాలు నృత్తం, నృత్యం, నాట్యం అని విడదీశాయి కదా, ఆ మూడింటికీ ఎదురుగా చూసేవాళ్లు ఉంటారన్నది లెక్క. బాల్‌రూమ్ పుట్టుకలో ప్రేక్షకుడు లేడు. పోటీలు, జడ్జీలు తర్వాత వచ్చిన సంగతి. "జంట నాట్యం" కొంత నయం. కానీ ఇద్దరు కూచిపూడి కళాకారులు పక్కపక్కన ఆడినా ఆ మాటే అంటాం. బాల్‌రూమ్‌ని వేరు చేసేది జంట ఒకరినొకరు పట్టుకునే తీరు, ఆ పట్టు. నా మటుకు నేను బాల్‌రూమ్ డాన్స్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో వివరిస్తాను.

ప్రశ్న:
పట్టు అంటున్నారు. నేను "కౌగిలించుకుని నర్తించేది" అని రాశాను. తప్పా?

జవాబు:
ఆ మాట తీసేయండి. ఆ పట్టుకి ఒక లెక్క ఉంది. అతని ఎడమచేయి ఆమె కుడిచేతిని అందుకుంటుంది. అతని కుడి అరచేయి ఆమె ఎడమ భుజం వెనుక ఎముక మీద ఆనుతుంది. ఆమె ఎడమచేయి అతని కుడి భుజం కిందుగా నిలుస్తుంది. మోచేతులు కిందికి వాలకూడదు. ఎటు తిరగాలో ఈ చట్రంలోంచే ఒకరికొకరు తెలుపుకుంటారు, నోటితో చెప్పుకోరు. హాలంతా అపసవ్యంగా తిరుగుతూ సాగుతారు, అందుకే అన్ని జంటలున్నా ఒకరినొకరు గుద్దుకోరు.

కౌగిలి అన్న గొడవ మీ ఒక్కరిదే కాదు లెండి. అంతకుముందు సభల్లో నడిచిన మిన్యుయెట్ అనే నాట్యంలో జంట ఎడంగా ఉండి, అప్పుడప్పుడు చేతులు కలిపేది. దక్షిణ జర్మనీ, ఆస్ట్రియా పల్లెల తిరుగుడు ఆటల్లోంచి వాల్ట్జ్ వచ్చి ఈ దూరాన్ని చెరిపేసింది. జర్మన్‌లో ఆ మాటకి గిర్రున తిరగడం, దొర్లడం అని అర్థం. 1814-15లో వియన్నా సమావేశానికి చేరిన రాజులూ మంత్రులూ రాత్రుళ్లు వాల్ట్జ్‌లో మునిగారు. 1816లో లండన్ రాజసభలో దాన్ని ఆడితే టైమ్స్ పత్రిక సిగ్గుమాలిన పని అని దుమ్మెత్తిపోసింది.

మరొకరు:
సంగీతం వైపు నుంచి ఒక మాట. వాల్ట్జ్‌ని "తిశ్రగతి నాట్యం", అంటే మూడేసి దెబ్బల నడక ఉన్న నాట్యం అంటే మనవాళ్లకి ఠక్కున అందుతుంది కదా? తకిట తకిట.

జవాబు:
వివరణగా బంగారం లాంటి మాటండీ, పేరుగా మాత్రం వద్దు. తకిటలో "త" మీద పెద్ద అడుగు పడుతుంది. ఆ దెబ్బ చివర్లో మడమ లేవడం మొదలై, "కి" మీదుగా ఒళ్లు పైకి తేలి, "ట" అయిపోతుండగా మళ్లీ కిందికి దిగుతుంది. వాల్ట్జ్ అందమంతా ఈ లేవడం, దిగడంలోనే ఉంది. అయితే వాల్ట్జ్‌లు రెండున్నాయి. వియన్నా వాల్ట్జ్‌లో నిమిషానికి సుమారు 180 దెబ్బలు, ఇంగ్లండ్‌లో కుదుటపడిన నిదాన వాల్ట్జ్‌లో అందులో సగం. గతి ఒకటే, కాలం వేరు.

మిగతా పేర్లూ కదపకండి. ఫాక్స్‌ట్రాట్‌ని "నక్క నడక" చేస్తే చరిత్ర పోతుంది. 1914 ప్రాంతంలో న్యూయార్క్ వేదికల మీద ఆడిన హ్యారీ ఫాక్స్ పేరు మీదుగా అది వచ్చిందని చెబుతారు. టాంగో అని కనబడితే ఏ టాంగో అని చూసుకోండి. బ్యూనస్ ఐరిస్, మాంటెవిడియో పేటల్లో పుట్టింది ఒకటి, పారిస్ మీదుగా లండన్ చేరి బిర్రుగా మారింది ఇంకొకటి. 1920ల్లో ఇంగ్లండ్ గురువులు అడుగులకి కొలతలు కట్టి వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్, క్విక్‌స్టెప్, టాంగోలను ఒక పద్ధతికి తెచ్చారు. పోటీలకి పేరుపడ్డ బ్లాక్‌పూల్ ఉత్సవం 1920లో మొదలైంది.

బాల్‌రూమ్ పోటీల్లో లాటిన్ విభాగం అని వస్తే అక్కడా జాగ్రత్త, అన్నీ లాటిన్ అమెరికావి కావు. సాంబా, రంబా, చాచాచాలతో పాటు స్పెయిన్ ఎద్దుల పోరు నుంచి వచ్చిన పాసో డోబ్లే, అమెరికా నుంచి వచ్చిన జైవ్ కూడా అందులోనే ఉన్నాయి. పాసో డోబ్లేలో అతను మటడార్, అంటే ఎద్దుతో పోరాడేవాడు, ఆమె తరచుగా అతని చేతిలోని వస్త్రం. ఒట్టి అడుగుల నృత్తానికి అభినయం తోడైంది ఇక్కడే. చాచాచా పేరు మాత్రం నాకు చాలా ఇష్టం. 1950ల మొదట్లో క్యూబాలో ఎన్రికే హోరిన్ కట్టిన పాటలకి ఆడుతుంటే చెప్పులు నేలకి రాసుకున్న చప్పుడే పేరైందంటారు. గలగల, జలజల అనే భాషవాళ్లం, దానికి మనకి అనువాదం ఎందుకు?

ప్రశ్న:
బాగుందండీ. మరి క్రియ?

జవాబు:
"ఆడు" వాడండి. బతుకమ్మ ఆడతాం, అరకులో ధింసా ఆడతారు. అక్కడా చూడ్డానికి కాదు, కలవడానికే వలయం కడతారు. మీ వాక్యం "తెల్లవారేదాకా వాల్ట్జ్ ఆడారు" అని రాయండి.