1 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్లలో ఏ లినక్స్ వేయాలి?

ప్రశ్న:
నేను పల్లెటూరి ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. మా బడికి ఒక దాత ఐదు పాత కంప్యూటర్లు ఇచ్చారు. వాటిలో మూడు కోర్ 2 డ్యువో డెస్క్‌టాప్‌లు, రెండు ఆటమ్ ఎన్270 నెట్‌బుక్‌లు. అన్నింటిలోనూ 1 జీబీ ర్యామే ఉంది. వాటిలోని విండోస్ 7 తెరుచుకోవడానికే నాలుగైదు నిమిషాలు పడుతోంది, పైగా దానికి 2020 జనవరిలోనే మద్దతు ఆగిపోయింది. ఒక డెస్క్‌టాప్‌లో విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత నిర్వాహక వ్యవస్థలో ఒక రకమైన పాత లుబుంటు వేసి చూశాను. బ్రౌజర్ తెరవగానే హార్డ్‌డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతూ, మౌస్ కూడా కదలకుండా బిగుసుకుపోయింది. పిల్లలు తెలుగులో టైపు చేయాలి, బొమ్మలు గీయాలి, కొద్దిగా పైథాన్ నేర్చుకోవాలి. ఈ యంత్రాలతో అది సాధ్యమేనా?

మొదటి జవాబు:
సాధ్యమే. మీ యంత్రం బిగుసుకుపోవడానికి కారణం లినక్స్ కాదు, బ్రౌజర్. తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న లినక్స్ రెండు మూడు వందల ఎంబీ ర్యామ్‌తో సరిపెట్టుకుంటుంది, కానీ ఈనాటి వెబ్ పేజీ ఒక్కటే అంత ర్యామ్ అడుగుతుంది. ర్యామ్ చాలనప్పుడు వ్యవస్థ హార్డ్‌డిస్క్‌లో ర్యామ్‌కు బదులుగా కేటాయించిన చోటును (స్వాప్) వాడుకుంటుంది. పాత డిస్క్ ఆ రాకపోకలను తట్టుకోలేదు, మీరు చూసిన లైటు అదే.

నెట్‌బుక్‌లలోని ఎన్270 కేవలం 32 బిట్ల ప్రాసెసర్. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13 అనే లినక్స్‌ను అటువంటి యంత్రాల మీద కొత్తగా ఇన్‌స్టాల్ చేయలేము. అందుచేత నెట్‌బుక్‌లకు డెబియన్ 12 ఆధారంగా తయారైన యాంటీఎక్స్ 23 అనే తేలికపాటి లినక్స్‌లో 32 బిట్ల కూర్పును తీసుకోండి. డెబియన్ 12కు 2028 జూన్ వరకు భద్రతా సవరణలు వస్తాయి. కోర్ 2 డ్యువో 64 బిట్లదే కనుక డెస్క్‌టాప్‌లకు డెబియన్ 13 కూడా వేయవచ్చు. అయినా పిల్లలకు ఐదింటిలోనూ ఒకే తెర కనిపించడం మేలు కాబట్టి, నేనైతే వాటిలోనూ యాంటీఎక్స్ 64 బిట్ల కూర్పునే వేస్తాను.

తరువాత జీర్యామ్‌ను తప్పక అమర్చండి. అది డిస్క్‌కు పోవలసిన సమాచారాన్ని కుదించి ర్యామ్‌లోనే ఒక మూల దాస్తుంది. కుదించే పని ప్రాసెసర్ మీద పడుతుంది గానీ, హార్డ్‌డిస్క్ కోసం ఎదురుచూడటంతో పోలిస్తే ఆ భారం చాలా తక్కువ. బొమ్మలకు టక్స్ పెయింట్, పైథాన్‌కు జీనీ ఎడిటర్ ఈ యంత్రాల మీద హాయిగా నడుస్తాయి.

రెండవ జవాబు:
తెలుగు టైపింగ్‌కు వేరే సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. కీబోర్డు అమరికల్లో భారతదేశం కింద తెలుగును ఎంచుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక వస్తుంది. అందులో షిఫ్ట్‌తో డి నొక్కితే 'అ', సి నొక్కితే 'మ', షిఫ్ట్ లేకుండా డి నొక్కితే పొల్లు, మళ్లీ సి నొక్కితే 'అమ్మ' పూర్తవుతుంది. ఒత్తు ఎలా ఏర్పడుతుందో పిల్లలకు వేళ్లతోనే తెలుస్తుంది కనుక, బడిలో దీనినే నేర్పాలని నా గట్టి అభిప్రాయం. లోహిత్ తెలుగు వంటి ఫాంటు మాత్రం ముందే వేసుకోండి, లేకుంటే అక్షరాల స్థానంలో ఖాళీ గళ్లు కనిపించవచ్చు.

ఇంకొక మాట. పాత యంత్రాల మదర్‌బోర్డు మీద ఉండే, గడియారాన్ని నడిపే బిళ్ల సెల్ సాధారణంగా అయిపోయి ఉంటుంది. అప్పుడు తేదీ ఏళ్ల వెనక్కి పోయి, భద్రతా ధ్రువపత్రాలు చెల్లవంటూ వెబ్‌సైట్లు తెరుచుకోవు, ప్యాకేజీల నవీకరణ కూడా ఆగిపోవచ్చు. ఇన్‌స్టాల్ చేయకముందే సీఆర్2032 సెల్ మార్చి, యంత్రం మొదలవగానే తెరవగలిగే ప్రాథమిక అమరికల్లో (బయోస్) తేదీ సరిచేయండి.

అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక నెట్‌బుక్‌లో తేదీ నిజంగానే 2009 జనవరి 1 చూపించింది, సెల్ మార్చాను. యాంటీఎక్స్ వేశాక, ఏ ప్రోగ్రామూ తెరవకముందు 200 ఎంబీ లోపే వాడుతోంది. జీర్యామ్ అమర్చిన తరువాత టక్స్ పెయింట్, జీనీ రెండూ తెరిచి ఉంచినా మౌస్ ఆగలేదు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తన పేరు టైపు చేసి, కింద 'అమ్మ' అని రాసింది. డెస్క్‌టాప్‌లకు అదనపు ర్యామ్ కొనాలని ఉంది. వాటిలో డీడీఆర్2 రకం ర్యామ్ పడుతుందో, డీడీఆర్3 రకం పడుతుందో రేపు మూత తీసి చూసి ఇక్కడే రాస్తాను.