గర్భిణులు ఉబ్బసం ఇన్‌హేలర్ మానేయకుండా ఎలా చూస్తున్నారు?
ఆశా, ఏఎన్‌ఎం అక్కచెల్లెళ్లూ, ఛాతీ డాక్టర్లూ, కాస్త సలహా ఇవ్వండి. ఉబ్బసం ఉన్న గర్భిణుల్లో దాదాపు మూడోవంతు మందికి అది ముదురుతుంది, ఎక్కువగా 24–36 వారాల మధ్య. ముందునుంచీ తీవ్రంగా ఉన్నవాళ్లకు, అధిక బరువు ఉన్నవాళ్లకు, పొగతాగేవాళ్లకు ముప్పు ఎక్కువ. జలుబు చేసినా ఆయాసం ఎగదన్నుతుంది. వీటికి తోడు "బిడ్డకు పడదు" అని బ్యుడెసొనైడ్ (ఉబ్బసాన్ని అదుపులో ఉంచే ఇన్‌హేలర్ మందు) ఆపేయడం! బిడ్డకు అసలు చేటు తల్లికి ఆక్సిజన్ తగ్గడమే కదా.

వాడేవాళ్లకూ రోటాహేలర్ (పొడి మందు పీల్చే పరికరం) క్యాప్సూల్లో సగం పొడి మిగిలిపోతుంటుంది, గట్టిగా, లోతుగా పీల్చకపోవడం వల్ల. పీల్చాక 10 సెకన్లు ఊపిరి బిగబట్టి, తర్వాత నోరు పుక్కిలించాలి.

అంత గట్టిగా పీల్చలేనివాళ్లను డాక్టరుతో చెప్పించి స్పేసర్‌కు (స్ప్రే ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) మార్చారా? పీక్ ఫ్లో (ఊపిరి ఎంత వేగంగా ఊదగలరో చూపే) అంకెలు ఇంట్లో ఎవరైనా రాయిస్తున్నారా? ముఖ్యంగా, అత్తగారికి ఏ మాట చెబితే ఒప్పుకుంటున్నారు?