అప్‌డేట్: జర్మన్ బాకు పిడి విప్పి చూశాను

1935 నమూనా జర్మన్ సైనికాధికారి బాకు ఒకటి కొన్నానని, అది అసలుదో నకిలీదో తేలడం లేదని లోగడ అడిగాను కదా. పిడి కొసన ఉన్న లోహపు బిళ్లను తిప్పి, విడదీసి లోపల చూడమన్నారు. పది రోజులు ధైర్యం చాలలేదు. చివరికి మెత్తటి గుడ్డ చుట్టి తిప్పితే కిర్రుమంటూ ఊడింది.

అలుగు, అంటే బాకు కత్తి భాగం, అసలుదేనని నా నమ్మకం. జర్మనీలోని జోలింగెన్‌లో బాకులు చేసిన ఐక్‌హోర్న్ కంపెనీ వారి ఉడుత గుర్తులో గీతలు స్పష్టంగా ఉన్నాయి. పిడిలోకి దూరే భాగం మీద తుప్పు నల్లగా, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టనట్టు ఉంది. నారింజ రంగు పిడిని బొటనవేలితో గట్టిగా రుద్దితే సన్నగా కర్పూరం వాసన! అప్పటి పిడులకు వాడిన సెల్యులాయిడ్ అనే పాతరకం ప్లాస్టిక్ తయారీలో కర్పూరం వాడతారు. మామూలు ప్లాస్టిక్‌కు ఆ వాసన రాదు. ఇదొక్కటే రుజువు కాదనుకోండి.

ఒర మాత్రం వేరే బాకుది. దూర్చితే గలగలలాడుతోంది. అమ్మినతను మొత్తం ఒకే జత అని నమ్మబలికాడు. కొంత డబ్బు వెనక్కి అడిగాను, ఇంకా ఉలుకూ పలుకూ లేదు.

మెరుగు పెట్టవద్దన్నవారికి దండం. మీ మాట చేరేలోపే ఒర మీద ఒకచోట రుద్దేశాను.