వార్షికోత్సవ వెబ్‌సైట్: ఏ సీఎంఎస్ తీసుకుందాం?

వెబ్ టీమ్: అందరికీ నమస్కారం. మన సంఘం వార్షికోత్సవ సైట్‌కి సీఎంఎస్‌గా, అంటే కోడ్ రాయకుండానే పేజీలు పెట్టి సైట్ నడిపే సాఫ్ట్‌వేర్‌గా, నిన్నటి కాల్‌లో మూడు పేర్లు వచ్చాయి: వర్డ్‌ప్రెస్, జూమ్లా, డ్రూపల్. మూడూ ఉచితం, మూడూ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినవే. ఒక్క ఈవెంట్ వరకే అయితే ఏదైనా సరిపోతుంది. కానీ కార్యవర్గం మారాక సైట్ ఎవరు చూస్తారు? అందుకే నా ఓటు వర్డ్‌ప్రెస్‌కి. ప్రపంచంలో 40 శాతానికి పైగా సైట్లు దాని మీదే నడుస్తున్నాయి కాబట్టి, కొత్తగా వచ్చేవాళ్లలో ఎవరో ఒకరికి చేయి తిరిగే ఉంటుంది.

కల్చరల్ టీమ్: అన్నా, సైట్ తెలుగు, ఇంగ్లిష్ రెండిట్లో ఉండాలనుకున్నాం కదా. దానికి డ్రూపలే నయమని విన్నాను.

వెబ్ టీమ్: నిజమేనమ్మా. 2015లో వచ్చిన డ్రూపల్ 8 నుంచి ఆ సదుపాయం అందులోనే ఉంది. వర్డ్‌ప్రెస్‌కైతే పాలీలాంగ్ లాంటి ప్లగిన్ (అదనపు సదుపాయం ఇచ్చే చిన్న ప్రోగ్రామ్) తగిలించాలి. అయితే డ్రూపల్ 7కి 2025 జనవరి 5తో సపోర్ట్ ఆగిపోయింది. దాన్నుంచి పై వెర్షన్‌కి వెళ్లడమంటే బటన్ నొక్కడం కాదు, సైట్ దాదాపు మళ్లీ కట్టుకోవడమే. రేపు అలాంటిది మళ్లీ వస్తే, శని, ఆదివారాల్లో తీరిక చేసుకునే మనవల్ల అయ్యే పనేనా?

తెలుగుతో అసలు తంటా ఇంకోచోట ఉంది. శీర్షిక తెలుగులో పెడితే వర్డ్‌ప్రెస్ లింకు కూడా దాన్నుంచే తయారుచేస్తుంది. లింకులో అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ శాతం (%) గుర్తులతో కలిపి తొమ్మిదేసి క్యారెక్టర్లవుతాయి. ‘వార్షికోత్సవం’ ఒక్క మాటే 117! పక్కన అంతే ఉన్న ‘రిజిస్ట్రేషన్’ చేరిస్తే, మధ్య గీతతో కలిపి 235. వర్డ్‌ప్రెస్‌లో లింకు హద్దు 200, అక్కడికి తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే ఆ తోకంతా చూసి జనం స్పామ్ అనుకుంటారు. శీర్షిక తెలుగులోనే ఉంచి, లింకు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో చేత్తో కొట్టండి.

అన్నట్టు, అను ఫాంట్లలో (యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లు) ఉన్న పాత కరపత్రాల మేటర్ నేరుగా తెచ్చి అతికించకండి. అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ చదివే యూనికోడ్‌లోకి మార్చకపోతే పిచ్చి గీతలు కనిపిస్తాయి.

కోశాధికారి: టికెట్ల డబ్బు సైట్లోనే తీసుకుంటామా?

వెబ్ టీమ్: లేదండీ. కార్డు నంబరు మన సర్వర్‌ దాకా రానే కూడదు. బటన్ నొక్కితే ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే స్ట్రైప్ లేదా పేపాల్ వాళ్ల పేజీకి వెళ్తారు, డబ్బు కట్టినట్టు మనకు కబురొస్తుంది, అంతే. సభ్యత్వాల లెక్క కూడా కలపాలంటే సివిసీఆర్ఎమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, మూడింటితోనూ నడుస్తుంది. ఈ ఈవెంట్‌కి మాత్రం అంత హంగామా వద్దండీ.

కోశాధికారి: సరే. డొమైన్ (సైట్ చిరునామా) ఎవరి పేరు మీద?

వెబ్ టీమ్: సంఘం పేరు, సంఘం ఈమెయిల్ మీదే. ఎవరి సొంత ఖాతాలోనూ వద్దు. అడ్మిన్లు ఇద్దరే. కార్యక్రమాల వివరాలు రాసే పిల్లలకు కంట్రిబ్యూటర్ హోదా చాలు: రాసి పంపుతారు, ప్రచురించేది ఎడిటర్. ప్లగిన్లు కూడా కనిపించినవల్లా వేయొద్దు, చొరబాట్లు ఎక్కువగా ఆ దారినే వస్తాయి.

రెండో అడ్మిన్‌గా ఎవరుంటారో, రోజూ బ్యాకప్ తీసే హోస్టింగ్ (సైట్‌ని తమ సర్వర్‌లో ఉంచే సేవ) ఎవరు వెతుకుతారో శుక్రవారంలోగా ఇక్కడే చెప్పండి.

కల్చరల్ టీమ్: హోస్టింగ్ సంగతి నేను చూస్తానన్నా.