క్యాష్ మన కాసేనా?

కోట జంక్షన్ (విజయనగరం):
గంటస్తంభం దగ్గర మా నాన్నగారి కిరాణా కొట్టు. డిగ్రీ అయ్యాక గల్లా మీద నేనే కూర్చుంటున్నాను. నిన్న సాయంత్రం ఒక పెద్దాయన వచ్చి, "నాకు ఆ ఫోన్ గొడవ వద్దు బాబూ, క్యాషే" అని నోటు తీస్తూ, "ఈ క్యాష్ అన్న మాట మనదే, తెలుసా? మన కాసునే ఇంగ్లీషువాళ్లు ఎత్తుకుపోయారు" అన్నారు. వెనకాల నిలబడ్డ ఇంకొకాయన "అదేం కాదు, అది లాటిన్" అన్నారు. నేను పావుకిలో పెసరపప్పు పొట్లం కట్టేలోపు ఇద్దరికీ పెద్ద గొడవ. ఆ గోలలో ఎవరికి ఎంత చిల్లర ఇచ్చానో ఏమో, రాత్రి లెక్క చూస్తే 40 రూపాయలు తక్కువ. ఇంతకీ ఎవరిది రైటు?

ఉద్దానంవాడు (పలాస):
పెద్దాయనదే. కాసు, క్యాష్. ఇంకా ప్రూఫ్ ఏటి కావాలి? మా బావైతే కాశీబుగ్గని కూడా క్యాష్‌బుగ్గ అంటాడు, జీడిపప్పు డబ్బు తిరిగే ఊరు కదా.

బడిపంతులు (రాజాం):
మీ బావగారిని పక్కన పెడదాం. ఆ రెండో ఆయన చెప్పిందే రైటు. కాకపోతే పెద్దాయనది పూర్తిగా తప్పని కొట్టిపారెయ్యడానికీ లేదు.

మనం రోజూ వాడే క్యాష్ ఇంగ్లీషులోకి 1590ల ప్రాంతంలో వచ్చింది. ఫ్రెంచిలో కేస్, ఇటాలియన్‌లో కాస్సా, వాటి వెనక లాటిన్ కాప్సా. అన్నిటికీ అర్థం పెట్టె. ఇంగ్లీషులోనూ మొదట్లో క్యాష్ అంటే డబ్బు దాచుకునే పెట్టె. పెట్టె పేరు పోయిపోయి లోపలి డబ్బుకి తగులుకుంది. 18వ శతాబ్దంలో పెట్టె అన్న అర్థం రాలిపోయి, డబ్బు ఒక్కటే మిగిలింది. ఇందులో వింతేమీ లేదు. "క్యారేజీ తినేశావా?" అని మనం అడగమూ? క్యారేజీని ఎవరు తింటారు?

మనం మింగే క్యాప్సూల్ కూడా ఆ కాప్సా బిడ్డే, చిన్న పెట్టె అని. బ్రీఫ్‌కేసులో కేసూ అంతే. కోర్టు కేసు మాత్రం వేరు. అది పడటం, జరగటం అనే అర్థమున్న కాసుస్ అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. బ్రీఫ్‌కేసులో కేసు కాగితాలు పట్టుకెళ్లే ప్లీడరుగారు చుట్టరికం లేని రెండు మాటల్ని ఒకే చేత్తో మోస్తున్నారన్నమాట.

ఉద్దానంవాడు:
మాస్టారూ, అయితే మన కాసు ఏమైపోయింది? పెద్దాయన మాట పూర్తిగా తప్పు కాదన్నారు కదా.

నాణేల సంచి (శ్రీకాకుళం):
దానికి నేను చెప్తాను. ఇంగ్లీషులో ఇంకో క్యాష్ ఉంది. స్పెల్లింగు ఒకటే, పుట్టుక వేరు. అది చిన్న నాణెం పేరు. అది మన దక్షిణాది కాసే. కాసు వెనక సంస్కృతంలో కర్ష అనే తూకం ఉందంటారు. తమిళం కాసుని పోర్చుగీసువాళ్లు కైష అన్నారు, వాళ్ల దగ్గర్నుంచి ఇంగ్లీషువాళ్లకి వెళ్లింది. తమాషా ఏంటంటే పోర్చుగీసులో పెట్టెనీ కైష అనే అంటారు. రెండు మాటలూ కలగాపులగం అయ్యింది అక్కడే. చైనాలో మధ్యన చదరపు చిల్లున్న రాగి బిళ్లల్నీ ఇంగ్లీషువాళ్లు క్యాష్ అనే రాసుకున్నారు.

మా తాతగారి ట్రంకు పెట్టెలో దొరికిన ఈస్టిండియా కంపెనీ రాగి నాణెం ఇప్పుడు నా ముందే ఉంది. సంవత్సరం 1808. చింతపండు పెట్టి తోమకూడదని తెలియక మా పిన్ని ఒక వైపు మెరిపించేసింది. రెండో వైపు ఇంకా నల్లగానే ఉంది. ఆ వైపు పారశీ లిపి, దాని కింద రోమన్ అంకెల్లో ఇరవై, పక్కన క్యాష్ అని ఇంగ్లీషులో. అంటే ఇరవై కాసులు.

అప్పట్లో మనవాళ్లంతా మద్రాసు ప్రెసిడెన్సీ కింద, శ్రీకాకుళం గంజాం జిల్లాలో. మద్రాసు లెక్కలో 80 క్యాష్‌లు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. అంటే వరహాకి 3,360 క్యాష్‌లు. ఆ లెక్కలు రాసిన గుమస్తాలకి దండం పెట్టాలి. 1818లో రూపాయి లెక్క వచ్చాక ఆ బాధ తప్పింది. ఇలాంటి 1808 నాణేలే వేసుకొచ్చిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకుండానే ఇసుక మేటల్లో మునిగింది. 1980లలో వాటిని పైకి తీశారు.

కోట జంక్షన్:
అయితే కొట్టులో ఇద్దరూ సగం సగం రైటన్నమాట! గురువుగారూ, ఇంకో డౌటు. డబ్బు, డబ్బా ఇలాంటివేనా? పెట్టె పేరే డబ్బుకి వచ్చిందా?

బడిపంతులు:
అంత తొందర వద్దు నాయనా. చెవికి ఒకేలా వినపడ్డంత మాత్రాన చుట్టాలు కారు. పెద్దాయన తప్పటడుగు వేసింది అక్కడే. డబ్బు మాత్రం ఇంగ్లీషులోకి డబ్ అని వెళ్లింది. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఉంది, విలువ 20 క్యాష్‌లని. అంటే శ్రీకాకుళం వారి దగ్గరున్నది అక్షరాలా ఒక డబ్బు.

ఇలాంటి మోసం ఇంకోటి. బ్యాంకులో క్యాషియర్ పెట్టె వైపు మనిషే. కానీ సైన్యంలో ఆఫీసర్ని అవమానంగా తీసేస్తే "క్యాషియర్ చేశారు" అంటారు ఇంగ్లీషులో. అది డచ్చి దారిన వచ్చిన వేరే మాట, రద్దు చెయ్యడమని. డబ్బు తినేసిన క్యాషియర్ని క్యాషియర్ చేశారనుకుంటే అందులో ఉన్నవి రెండు వేరు మాటలు.

నరసన్నపేట వదిన:
మా అమ్మమ్మ కాసులపేరు నాకే వచ్చింది. ఒక్కో కాసు మీదా లక్ష్మీదేవి బొమ్మ. మా ఆడపడుచుది గోదావరి జిల్లా, వాళ్లకి కాసు అంటే 8 గ్రాములు. మేము తులాల్లో చెప్తే ఆవిడ కాసుల్లో చెప్తుంది. ప్రతి పెళ్లికీ ఈ లెక్కల దగ్గర కాసేపు మాటలు పెరుగుతాయి.

ఉద్దానంవాడు:
జీడిపప్పుని ఇంగ్లీషులో క్యాష్యూ అంటారు కదా, ఆ మాటైనా మనదేనా? కనీసం పలాస పరువు నిలబెట్టండి.

పిక్కల చిన్నమ్మ (కాశీబుగ్గ):
అదీ కాదు బాబూ. నేను ఇరవై ఏళ్లుగా పప్పు తీసే పనిలోనే ఉన్నాను, మా అమ్మాయి కాలేజీలో చదివి చెప్పింది. ఆ చెట్టు బ్రెజిల్‌ది. అక్కడి టూపీ భాషలో అకాజు అనేవారట. పోర్చుగీసువాళ్లు దాన్ని కాజు అన్నారు, 16వ శతాబ్దంలో పడమటి తీరానికి తెచ్చారు. హిందీలో కాజు అదే. ఇంగ్లీషు నోట్లో పడి క్యాష్యూ అయ్యింది. క్యాష్‌తో చుట్టరికమే లేదు. మా కూలి చూస్తే ఆ సంగతి నిఘంటువు లేకుండానే తెలుస్తుంది.

పేరు పెట్టడంలో మనవాళ్లే నయం. చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి మనకి ముందే ఉంది. కొత్త పిక్క రసం కూడా అలాగే చర్మాన్ని కాల్చేస్తుంది కాబట్టి జీడి, పైన పండు ఉంది కాబట్టి మామిడి. జీడి, మామిడి, ఇదీ మూడూ ఒకే కుటుంబం చెట్లని మా అమ్మాయి పుస్తకంలో చూపించింది. సీజన్‌లో నా వేళ్లు చూడాలి, ఎన్నిసార్లు నూనె రాసి కడిగినా గోళ్ల చుట్టూ నలుపు పోదు. పప్పుని ఇప్పటికీ పౌండ్లలోనే గ్రేడు చేస్తారు. 240 రకం అంటే ఒక పౌండుకి, అంటే 454 గ్రాములకి, సుమారు 240 గుండ్లు. బద్దలు వేరు, ముక్కలు వేరు.

ఉద్దానంవాడు:
చిన్నమ్మా, దండం. మా బావకి ఇది పంపిస్తున్నా. కాశీబుగ్గలో కాశీ, కాశీయే అని ఒప్పుకున్నాడు.

కోట జంక్షన్:
ఆ 40 రూపాయలు దొరికాయండి. గల్లా సొరుగు పూర్తిగా లాగి చూస్తే వెనకాల రెండు ఇరవై నోట్లు ఇరుక్కుని ఉన్నాయి. మాస్టారి లెక్కన క్యాష్ క్యాష్‌లోనే ఉంది.

బడిపంతులు:
పెద్దాయన మళ్లీ వచ్చారా? ఆయనకి చెప్పావా?

కోట జంక్షన్:
ఇవాళ పొద్దున్నే వచ్చారు. చెప్పాను. "అయితే సగం మనదేగా" అని, రెండు కిలోల బియ్యం ఖాతాలో రాయించుకుని వెళ్లారు.