కీళ్లవాతం ప్రశ్నావళిని ఎంతవరకు కుదించవచ్చు?

ప్రశ్న (పీజీ వైద్య విద్యార్థి, అనంతపురం):
పెద్దలందరికీ నమస్కారం. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) రోగుల రోజువారీ జీవితం మీద జబ్బు ప్రభావాన్ని కొలవడానికి ఎయిమ్స్-2 (ఆర్థరైటిస్ ఇంపాక్ట్ మెజర్‌మెంట్ స్కేల్స్-2) ప్రశ్నావళిని తెలుగు చేసుకుని వాడుతున్నాను. అందులో 78 ప్రశ్నలున్నాయి. మా ఓపీకి వచ్చేవారిలో చదవలేనివారు ఎక్కువ కనుక ప్రతి ప్రశ్ననూ నేనే చదివి వినిపిస్తాను. మొన్న శెనక్కాయలు వలిచే పనికి వెళ్లే ఒక పెద్దావిడ, వేళ్ల కణుపులు వాచి ఉన్నా మొదట్లో ఎంతో ఓపికగా ఆలోచించి చెప్పింది గానీ, సగం కూడా కాకముందే "అన్నీ కష్టమే అని రాసుకో నాయనా" అని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత వచ్చిన జవాబులను నేను నమ్మలేకపోతున్నాను. క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలకు వచ్చే జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొంతన కుదురుతున్నాయో చెప్పే అంకె) 0.70కి తగ్గకుండా చూసుకుంటూ ప్రశ్నలు తీసేస్తే సరిపోతుందా?

జవాబు (రుమటాలజీ వైద్యుడు, కర్నూలు):
సరిపోదు. ఒకే సంగతిని నాలుగు రకాలుగా అడిగినా ఆల్ఫా పెరుగుతుంది కనుక, దాన్ని మాత్రమే పట్టుకుంటే కవలల్లాంటి ప్రశ్నలు మిగిలి, వేరే సంగతిని అడిగే ఒంటరి ప్రశ్నలు పోతాయి. 1997లో ఎయిమ్స్-2ను 26 ప్రశ్నలకు కుదించినవారు లెక్కలతో మొదలుపెట్టలేదు. ఏ ప్రశ్నలు ముఖ్యమో రోగుల బృందాన్నీ నిపుణుల బృందాన్నీ వేర్వేరుగా అడిగి, ఆ తర్వాతే కుదించిన రూపాన్ని పరీక్షించారు.

కుదింపులో పోయేదేమిటో హెచ్‌ఏక్యూ (హెల్త్ అసెస్‌మెంట్ క్వశ్చనేర్, రోజువారీ పనుల్లో కష్టాన్ని కొలిచే మరో ప్రశ్నావళి) చెబుతుంది. దాని 20 పనుల ప్రశ్నలను 1983లో విభాగానికి ఒకటి చొప్పున 8కి తగ్గించారు. నింపడం సులువైంది గానీ స్కోర్లు మూల ప్రశ్నావళి కంటే తక్కువగా వచ్చాయి, సున్నా (అంటే ఏ కష్టమూ లేదు) దగ్గర ఆగిపోయే రోగులు పెరిగారు. సున్నా ఉన్న మనిషి మందుతో ఇంకా మెరుగుపడినా ఆ కొలత దాన్ని చూపలేదు. అందుకని కష్టమైన పనులను అడిగే ప్రశ్నలను కొన్నయినా తప్పక ఉంచండి.

జవాబు (ఫిజియోథెరపిస్టు, కడప):
డాక్టరు గారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. హెచ్‌ఏక్యూలో తొట్టి స్నానం గురించీ, కారు తలుపు తెరవడం గురించీ అడుగుతారు. మన పల్లెల్లో చాలామంది వాటికి "మాకు అవి లేవు సార్" అంటారు, ఆ గడి ఖాళీగా మిగులుతుంది. సంగటి కెలకడం, బిందె ఎత్తుకోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవడం అడిగితే మణికట్టు, భుజం, మోకాలు వెంటనే జవాబిస్తాయి. మన దేశానికి తగినట్టు 12 ప్రశ్నలతో రూపొందించిన హెచ్‌ఏక్యూ 2002లోనే వచ్చింది, ముందు దాన్ని చూడండి. ఒక పనికి బదులు ఇంకొకటి పెట్టాలంటే మూలకర్తల అనుమతి తీసుకోండి. అలా మార్చినదాన్ని పాత పేరుతో పిలవకండి.

ప్రశ్న అడిగిన విద్యార్థి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పటికే నింపించిన 78 ప్రశ్నల కాగితాల నుంచి 26 జవాబులు ఏరుకుని కుదించిన రూపాన్ని పరీక్షించవచ్చా?

జవాబు (రుమటాలజీ వైద్యుడు, కర్నూలు):
మొదటి అంచనాకు పనికొస్తుంది, అంతకుమించి కాదు. అలసిపోయి చెప్పిన జవాబులే అందులోకీ వస్తాయి కదా. కొత్త రోగులకు 26 మాత్రమే వినిపించండి. జబ్బు నిలకడగా ఉన్నవారిని వారం పది రోజులకు మళ్లీ అడిగి జవాబులు నిలుస్తున్నాయో లేదో చూడండి. మందు మొదలుపెట్టినవారిని మూడు నెలలకు మళ్లీ అడిగి, వచ్చిన మార్పు స్కోరులో కనిపిస్తుందో లేదో చూడండి. ఆ పెద్దావిడ తిరిగి వస్తే, వదిలేసిన ప్రశ్నల్లో ఏది ఉండాల్సిందో ఆమెనే అడిగి రాసుకోండి.